పసిబిడ్డ జ్వరం, ఎవరూ అడగని మూత్ర పరీక్ష

(ఆరోగ్య కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం మీద మాట్లాడమని పిలిస్తే పసిపిల్లల మూత్రం గురించి మొదలుపెట్టిందేమిటా అనుకోకండి. బిడ్డకు జ్వరమొస్తే మన ఇళ్ళలో నింద పడేది తల్లి మీదే. "పడనిది తిని పాలిచ్చావు" అనేస్తారు. కానీ ఆ తల్లి చెప్పేది మాత్రం ఎవరూ వినరు.

మా దగ్గరికొచ్చిన ఒక పదకొండు నెలల పాప సంగతి చెబుతాను. ఐదు రోజులుగా జ్వరం. దగ్గు లేదు, జలుబు లేదు. తాగిన పాలు కక్కేస్తోంది. పళ్ళొస్తున్నాయని నాయనమ్మ అంది. ఊళ్ళో ఆర్.ఎం.పి. రెండు సూదులు వేశాడు. పట్నంలో రక్తం తీసి టైఫాయిడ్ అన్నారు. "ఉచ్చ పోసేటప్పుడు ఏడుస్తోందండీ" అని తల్లి వెళ్ళిన ప్రతిచోటా చెప్పింది. ఆరో రోజున మూత్రం పరీక్ష చేయిస్తే నిండా చీము కణాలు! అప్పటికే సూదులు పడ్డాయి కనుక కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదు. ఏ మందు పనిచేస్తుందో తేల్చుకునే అవకాశం అలా పోయింది.

పెద్దవాళ్ళమైతే మంట అని చెప్పుకుంటాం. పసిబిడ్డకు ఒక్కోసారి జ్వరం తప్ప మరే గుర్తూ ఉండదు. పాలు తాగకపోవడం, వాంతులు, బరువు పెరగకపోవడం, పురిటిబిడ్డకైతే తగ్గని పచ్చకామెర్లు - ఇవీ దాని గుర్తులే కావచ్చు. రెండేళ్ళలోపు పిల్లల్లో కారణం తెలియని జ్వరాల్లో నూటికి ఐదు నుంచి ఏడు దాకా మూత్ర సంబంధమైన ఇన్ఫెక్షన్లే. మొదటి నెలల్లో మగపిల్లలకు ఎక్కువ, ఆ తర్వాత ఆడపిల్లలకు. "ఆడపిల్లేగా, రెండ్రోజులు చూద్దాం" అనే ఇళ్ళు మనకు తెలియనివి కావు. ఆలస్యమైతే, పదేపదే వస్తే మూత్రపిండంపై మచ్చలు పడవచ్చు. కొందరికి పెద్దయ్యాక రక్తపోటూ రావచ్చు.

మరి మూత్రం పట్టడమెలా? అసలు చిక్కు ఇక్కడే. సంచీ అంటించి పడితే చర్మం మీది, మలంలోని క్రిములు కలుస్తాయి. ఆ మూత్రం కల్చర్‌లో క్రిములు పెరిగినా జబ్బు ఉందని తేల్చలేం. నీళ్ళతో శుభ్రంగా కడిగి, ధార మధ్యలో స్టెరైల్ సీసాలో పట్టాలి. దీనికి ఓపిక కావాలి. చన్నీళ్ళలో తడిపిన గుడ్డతో పొత్తికడుపు మీద మెల్లగా రుద్దితే ఐదు నిమిషాల్లో నూటికి 31 మంది పిల్లలు పోశారని, రుద్దకపోతే 12 మందేనని ఆస్ట్రేలియాలో చేసిన ఒక అధ్యయనం 2017లో చెప్పింది. ఖర్చులేని పని, తల్లులు చేయగలిగిందే. అలా కుదరకపోతే, లేదా బిడ్డ బాగా నీరసించి ఉంటే, డాక్టరు సన్నని గొట్టంతో తీస్తారు. భయపడి బిడ్డను ఎత్తుకొచ్చేయకుండా తల్లికి ముందే నచ్చజెప్పాలి.

పట్టీ ముంచి చూసే పరీక్షలో నైట్రైట్ గడి మారలేదని నిశ్చింతగా ఉండకూడదు. పసివాళ్ళు మాటిమాటికీ పోస్తారు, ఆ రంగు రావడానికి మూత్రం కొన్ని గంటలు లోపల నిలవాలి. కల్చర్ ఫలితానికి రెండు రోజులు పడుతుంది. అంతవరకూ మందు ఆపనక్కర్లేదు, మూత్రం పట్టాక మొదలుపెట్టవచ్చు.

2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో ఏడాదిలోపు బిడ్డకు పరీక్షలు ఉచితం. బయట చేయించుకు రమ్మంటే ఈ మాట ఎత్తండి. తల్లితో పాటు మీరూ వెళ్ళండి, ఒంటరిగా అడిగితే కసురుతారు. మూత్రం పట్టిన వేళ, అంతకుముందు వేసిన మందుల పేర్లు చీటీ మీద రాయించండి. సీసాను గంటలోపు ల్యాబ్‌కు చేర్చండి, లేకుంటే ఫ్రిజ్‌లో పెట్టించండి.