కరెంటు తీగ మీద కబురు



మీడియం వేవ్‌లో 927 దగ్గర విశాఖపట్నం కేంద్రం పెట్టుకుని పాటలు వింటుంటాం. ఇంతలో వంటింట్లో మిక్సీ వేస్తారు. రేడియో గుర్రుమంటుంది. మనం విసుక్కుని ఊరుకుంటాం. ఆ గుర్రుతోనే వందేళ్ళుగా కుస్తీ పడుతున్నవాళ్ళు ఉన్నారు. కరెంటు పారే తీగ మీదే కబురు కూడా పంపాలన్నది వాళ్ళ పట్టుదల.

మన ఉత్తరాంధ్రలో ఈ కథ చెప్పాలంటే మాచ్‌ఖండ్ నుంచి మొదలుపెట్టాలి. ఒడిశా సరిహద్దులో, డుడుమ జలపాతం పక్కనున్న ఈ జలవిద్యుత్ కేంద్రాన్ని 1955 ఆగస్టులో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. పవర్‌హౌస్ లోయ అడుగున ఉంటుంది. వించ్ బండి ఎక్కి కొండవాలున దిగాలి. అక్కడ పుట్టిన కరెంటు 132 కిలోవోల్టుల లైన్ల మీద కొండలు దాటి మైదానానికి వచ్చింది. అంత అడవిలో లోయలోని ఆపరేటరు మైదానంలోని సబ్‌స్టేషన్‌తో మాట్లాడాలంటే ఎలా? విడిగా ఫోను తీగ లాగితే మొదటి గాలివానకే కొమ్మ విరిగి దానిమీద పడుతుంది.

ఇలాంటి దూరపు లైన్లకు అప్పటికే ఒక ఉపాయం ఉంది. అమెరికా సైన్యంలో పనిచేసిన జార్జ్ ఓవెన్ స్క్వయర్ 1910లోనే ఒకే ఫోను లైను మీద రేడియో తరంగాల సాయంతో ఒకటికి మించిన సంభాషణలు నడిపి చూపించాడు. 1920ల నాటికి హైటెన్షన్ లైన్ల మీదా మాట నడిచింది. మన సబ్‌స్టేషన్లలో దానికి పేరు కారియర్ ఫోను, కాగితాల మీద పి.ఎల్.సి.సి. కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. మాటను మోసే తరంగం 40 వేల నుంచి 5 లక్షల సార్లు ఊగుతుంది. మీ రేడియో ముల్లు మీడియం వేవ్ మొదలును దాటి ఇంకా ఎడమకు వెళ్ళగలిగితే, ఆ మాటలు అక్కడ ఉంటాయన్నమాట. ఈ ఫోను కబుర్లకే కాదు, లైనులో ఫాల్టు వస్తే అవతలి చివరి బ్రేకరును ట్రిప్ చేయమని చెప్పేదీ ఇదే.

ఆ పరికరాలు బీరువాలంత ఉండేవి. వాటి పని గోరంత సిలికాన్ ముక్కలోకి ఎక్కించడం రెండో అధ్యాయం. 1975లో స్కాట్లండ్‌లోని పీకో ఎలక్ట్రానిక్స్ ఎక్స్-టెన్ పద్ధతిని తయారుచేసింది. ఇంటి వైరింగు మీదే సంకేతం పంపి దీపాలు వెలిగించడం, ఆర్పడం దాని పని. కరెంటు తరంగం సున్నాను దాటే క్షణం చూసుకుని ఆ సంకేతాన్ని వదిలేవారు, అప్పుడు రొద తక్కువని.

మామూలు చిప్ ఎందుకు చాలదు? ఫోను తీగ ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, కరెంటు తీగ అలా కాదు. పక్కింట్లో ఫ్రిజ్ ఆన్ అయితే దాని స్వభావమే మారిపోతుంది. పంపినప్పుడు కొన్ని వోల్టులున్న సంకేతం అవతలికి చేరేసరికి మిల్లీవోల్టులే మిగలొచ్చు. పైగా అది 230 వోల్టుల పక్కన బతకాలి. అందుకే దీనికోసమే గీసిన చిప్‌లు వచ్చాయి. మొదట్లో సమాచారమనే సరుకంతా ఒకే తరంగమనే పడవలో వేసేవారు. తర్వాత వచ్చిన జి-త్రీ పద్ధతి దాన్ని 36 చిన్న తెప్పల మీదికి పంచింది. అల కొన్నిటిని ముంచినా మిగిలినవి ఒడ్డు చేరతాయి, పోయిన సరుకును లెక్కగట్టి తిరిగి పూరిస్తారు. ఇటలీలో 2001 నుంచి సుమారు 3 కోట్ల మీటర్లు, తర్వాత ఫ్రాన్స్‌లో దాదాపు 3.5 కోట్ల లింకీ మీటర్లు తీగ మీదే రీడింగు చెబుతున్నాయి.

మరి మన దగ్గర? వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టే ప్రయోగాన్ని 2020లో శ్రీకాకుళం జిల్లాలోనే మొదలుపెట్టారు. అయితే పొలాల్లో ఈ చిప్ లాభసాటి కాదనే నేనంటాను. సంకేతం ట్రాన్స్‌ఫార్మరును సులువుగా దాటదు. కాబట్టి ప్రతి ట్రాన్స్‌ఫార్మరు దగ్గరా రీడింగులు పోగుచేసే పెట్టె ఒకటి ఉండాలి. యూరప్ పట్టణాల్లో ఒక్కో ట్రాన్స్‌ఫార్మరు కింద తరచు వందకు పైగా ఇళ్ళుంటాయి. మన పొలం గట్టున 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు కింద ఉండేవి మూడో నాలుగో బోర్లు. నాలుగు మీటర్లకు ఒక పెట్టె ఏం గిట్టుతుంది? మన దేశంలో స్మార్ట్ మీటర్లు కూడా ఎక్కువగా మొబైల్ నెట్‌వర్కు మీదో, రేడియో తరంగాల మీదో ఆధారపడ్డాయి. విజయనగరంలోనో విశాఖలోనో అపార్టుమెంట్ల సెల్లార్లో, సెల్ సిగ్నల్ అందని మీటరు గదిలో అయితే తీగదే పైచేయి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు వేలల్లో కూలాయి. తీగతో పాటే కబురూ నేలకూలే లోపం ఈ పద్ధతికి పుట్టుకతోనే ఉంది. పెద్ద లైన్లలో దీనికి కొంత విరుగుడు చేశారు. సంకేతాన్ని రెండు ఫేజుల మీద పంపితే ఒక తీగ తెగినా కొంత మాట అందుతుంది. ఇప్పుడు టవర్ల కొసన వేసే ఎర్తు వైరులోనే ఆప్టికల్ ఫైబర్ వస్తోంది. కారియర్ ఫోను మెల్లగా తప్పుకుంటోంది.

పాత కారియర్ ఉన్న సబ్‌స్టేషన్ మీ దారిలో తగిలితే కంచె బయటి నుంచే ఒకసారి చూడండి. లైను లోపలికి వచ్చేచోట పీపా లాంటి తీగచుట్ట ఉంటుంది. దాన్ని వేవ్ ట్రాప్ అంటారు. కరెంటును లోపలికి పోనిచ్చి మాటను ఆపేది అదే. మూడు తీగలకూ ఉండదు. ఏ తీగకుంటే మాట నడిచేది ఆ తీగ మీదే.