ఆకాశమునుండి చిత్రము తీయు యంత్రము: దాని యెంపిక



పోయిన యేడు మా షాబాదు ప్రాంతమున ఒక చెరువు కట్టను, దానికి నీరు చేర్చు కాలువను పైనుండి చిత్రము తీయింపవలెనని కొందరము తలచితిమి. కాలువ యెచ్చట పూడినదో, ఎవరి గట్టు దానిలోనికి జరిగినదో నేలమీద నిలిచి చూచువానికి తెలియదు. అడిగినచో ప్రతివాడును తన పొలము మేరకే చెప్పును. అందులకై చందాలు పోగుచేసి, డ్రోను కొను భారము నాపై నుంచిరి. ధర తక్కువని నేనొక తేలిక యంత్రమును తెచ్చితిని. మధ్యాహ్నపు గాలికి అది కొట్టుకొనిపోయి, కట్ట క్రింద ఆడుకొనుచున్న పిల్లలకు నాలుగు బారల దూరమున పడినది. ఎవరికిని దెబ్బ తగులలేదు. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పొరపాటువలన నేర్చినదే నేడు మనవి చేయుచున్నాను.

ఈ యంత్రమునకు సాధారణముగా నాలుగు మోటార్లు, నాలుగు రెక్కలు. రెండు ఒకవైపునకు, రెండు ఎదురువైపునకు తిరుగును. అన్నియు ఒకేవైపు తిరిగినచో యంత్రమే బొంగరమగును. విమానమువలె పరుగెత్తక ఒకేచోట నిలువగలుగుట దీని గుణము. చిత్రమునకు కావలసినది అదియే. అయితే విమానము ఇంజను ఆగినను కొంతదూరము జారుచు దిగగలదు. దీనికి ఒక మోటారు ఆగినచో సామాన్యముగా కూలుటయే. ఆరు, ఎనిమిది మోటార్లు గలవానికి కొంత ఆదరువు కలదుగాని, బరువును ధరయు పెరుగును.

కావున కొనువారు మొదట చిత్రపు సొంపును గాక, భద్రతను అడుగవలెను. ఎంత గాలికి నిలుచును? సంకేతము తెగినపుడు, బ్యాటరీ తరిగినపుడు తానే బయలుదేరిన చోటికి మరలివచ్చునా? రెక్క విరిగినచో మన దాపున దొరకునా? తరువాత కెమెరా సంగతి. యంత్రము ఊగినను కెమెరాను కదలనీయక పట్టు ఊయెల వంటి అమరిక లేనిచో, ఎంత మంచి కెమెరాయైనను వ్యర్థమే. ఎగురు కాలమును అమ్మువారు గాలిలేని చోట కొలుతురు. అర్ధగంట యనినచో ఇరువది నిమిషములకే దింపుకొనుట మేలు.

ఇక చట్టము. 2021 ఆగస్టులో డ్రోను నిబంధనలు వెలువడినవి. 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు చిన్నతరగతి. యంత్రమును నమోదు చేయించి సంఖ్య పొందవలెను. మైక్రో యంత్రముతో కూలికి చిత్రము తీయువానికి శిక్షణ పత్రముండవలెను. పటములో పచ్చగా చూపిన చోట 400 అడుగులకు మించరాదు. శంషాబాదు విమానాశ్రయము మనకు దూరము కాదు. మొయినాబాదువారు ముఖ్యముగా పటము చూడక ఎగురవేయరాదు. 2022 ఫిబ్రవరిలో విదేశపు డ్రోనుల దిగుమతి నిషేధింపబడినది గనుక చాటుగా వచ్చిన సరకు జోలికి పోకుడు.

ఈ విద్య చెడ్డది కాదు. మన పొరుగు వికారాబాదులోనే 2021 సెప్టెంబరున డ్రోనులతో మందులు పంపి చూచిరి. కాని పెరటిలో స్త్రీలు స్నానమాడుచుండగా పైన కన్ను తిరుగుట ఏ ఊరును ఓర్వదు. చేవెళ్ల బాట మఱ్ఱులవంటి చెట్లకు తేనెపట్టులుండిన, వాని దాపునకును పోనీయరాదు.

తుదకు మేము మరల కొనలేదు. ఏటికొక్కమారు పనికి కొనుట దండుగయని, శిక్షణ పొందినవానిని కూలికి పిలిచి, తెల్లవారుజామున, కట్టమీద ఎవరును లేనప్పుడు చిత్రము తీయించితిమి. పంచాయతీ గోడమీద అందరును చూచిరి. కాలువ మూడుచోట్ల నొక్కుకొనిపోయినది. అందులో ఒకటి నా పొలము గట్టే. మరునాడు పార పట్టుకొని నేనే ముందు పోయితిని. తక్కిన యిద్దరును నా వెనుక వచ్చిరి.