మన్యపుటడవులలో పక్షిదర్శనము



జహీరాబాదు పరిసరములు మెట్టభూములు. ఎఱ్ఱనేలలు, కంది జొన్న చేలు, చెఱకుతోటలు, నడుమ నడుమ తుమ్మచెట్లు. ఇచ్చట పక్షిని చూచుటకు కన్ను చాలును. తీగెపై గూర్చున్న పాలపిట్ట, పశువు వీపుపై నెక్కిన పసులపోలిగాడు, చేనిలో నడయాడు గోరువంక ఎంత దూరమునుండియైనను కానవచ్చును. ఇట్టి వెలుతురు సీమలో పెరిగినవారు దట్టమగు అడవిలో ప్రవేశించినచో మొదటి దినమున ఏమియు గానరాక నిరుత్సాహపడుట సహజము. అట్టి యడవిలో పక్షులను చూచు విధమెట్టిది, ఎచ్చట బస చేయవలయును, మన రాక ఆ పక్షులకు మేలా కీడా యను సంగతులను గూర్చి నేడు కొంత మనవి చేసెదను.

తెలుగుదేశమున సంపూర్ణమగు వానయడవి లేదు. అట్టి మహారణ్యములు పడమటి కనుమలలోను, ఈశాన్య భారతమునను, అండమాను దీవులలోను కలవు. మన సీమలో వానికి దగ్గఱగా వచ్చునవి తూర్పు కనుమలలోని మారేడుమిల్లి ప్రాంతపు అడవులు. రాజమహేంద్రవరమునుండి గోకవరము, రంపచోడవరముల మీదుగా అచ్చటికి చేరవచ్చును. పెద్ద మ్రాకులు, వెదురు పొదలు, వానిని పెనవేసికొన్న తీగెలు, క్రింద సెలయేళ్లు. మిట్టమధ్యాహ్నమున గూడ నేలపై నీడయే.

ఇట్టి చోట పక్షిని ముందుగా చెవితో పట్టుకొనవలయును. తెల్లవాఱుజామున అడవికోడి కూత, కొండగోరువంక ఈల, వడ్రంగిపిట్ట మ్రానుపై కొట్టు చప్పుడు ఒక్కొక్కటిగా వేఱుచేసి వినుట నేర్చినవానికి కన్ను తరువాత పనిచేయును. అంతట అడవి యంతయు నిశ్శబ్దమగును. అరగంటసేపు ఒక్క పిట్టయు లేదు. అకస్మాత్తుగా చుట్టునున్న చెట్లన్నియు కదలును. పలుజాతుల పిట్టలు ఒక్క గుంపుగా గూడి పురుగుల వేటకు సాగుట ఈ యడవుల ధర్మము. ఒకటి మ్రానిపై తలక్రిందులుగా దిగును. ఒకటి ఆకుల యడుగు వెదకును. మఱియొకటి కొమ్మల కొనలు చూచును. తోక చివర రెండు తీగెలు వ్రేలాడు పెద్ద పసులపోలిగాడు వానికి కావలిదారు. డేగ వచ్చిన హెచ్చరించును. ప్రతిఫలముగా ఇతరులు లేపిన పురుగులను తినును. ఇతర పక్షుల కూతలను అనుకరించుటలో అది ప్రవీణము. కావున గుంపు వెంట పరుగెత్తక, ఒకచోట కదలక నిలుచుట మేలు.

ఇక బస. గ్రామస్థుల వన సంరక్షణ సమితులు నడుపు వెదురు కుటీరములు ఈ ప్రాంతమున కలవు. అచ్చట పట్టణపు సౌఖ్యములు వెదకరాదు. దోమతెర తప్పక తీసికొని పోవలెను; మన్యపు జ్వరము నేటికిని పూర్తిగా తొలగలేదు. వెదురుబొంగులో కూర్చి నిప్పులపై కాల్చిన కోడిమాంసము అచ్చటి ప్రసిద్ధాహారము. రాత్రి దీపములెంత తక్కువయైన గుడ్లగూబలు అంత సమీపమునకు వచ్చును.

ఇట్టి యాత్రలు మనకు క్రొత్తవి గావు. జహీరాబాదు హైదరాబాదు సంస్థానములో నున్న కాలముననే, 1931లో, సలీం ఆలీ ఆ సంస్థానపు పక్షులను పరిశీలింప బయలుదేరెను. ఆయనకు జీతము లేదు. ప్రయాణపు ఖర్చు మాత్రమే. భార్య తెహ్మీనా వెంటనుండి బస యేర్పాట్లు చూచెను. తరువాత 1933లో ఆయన తిరువాన్కూరు, కొచ్చి సంస్థానముల వానయడవులకు పోయెను. ఆ దినములలో పక్షిని నిర్ణయించుటకు తుపాకి వలసియుండెను. నేడు దూరదర్శినియు, చిన్న పుస్తకమును చాలును.

అయినను ఒక సాధనము అప్పుడును ఇప్పుడును తప్పనిది. అది అడవిమనిషి తెలివి. దీనికి కలివికోడి కథ సాక్ష్యము. 1848లో శాస్త్రలోకమునకు తెలిసిన యీ పక్షి 1900 తరువాత ఎవ్వరి కంటను బడలేదు, నశించెనని తలచిరి. 1986 జనవరిలో కడపజిల్లా రెడ్డిపల్లి చెంత అది మరల దొరకెను. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారి పక్షిశాస్త్రజ్ఞుడు భరత్ భూషణ్ వెదకుచుండగా, దానిని పట్టియిచ్చినవాడు ఐతన్న యను స్థానికుడైన వేటగాడు. ఎనుబదియాఱేండ్లు పండితులకు కానరాని పక్షి ముళ్లపొదల నడుమ రాత్రివేళ తిరుగువానికి దొరకినది.

ఇందులోనే మనకు సంబంధించిన ప్రశ్న కలదు. అడవి పక్షి యెచ్చట గూడు కట్టునో యెఱిగినవాడే దానిని చంపగలడు, కాపాడను గలడు. ముక్కుపై కొమ్మువంటి డిప్ప గల హార్న్‌బిల్ పక్షిని తీసికొనుడు. ఆడుది చెట్టుతొఱ్ఱలో చేరి, రెట్టతోను పండ్లగుజ్జుతోను ద్వారమును మూసికొని, సన్నని సందు మాత్రము విడుచును. మగది మఱ్ఱి, జువ్విపండ్లు తెచ్చి ఆ సందున అందించును. మగదానిని కొట్టినచో లోపలి తల్లియు పిల్లలును ఆకలిచే నశింపవచ్చును. అరుణాచల ప్రదేశమున పక్కే అడవి చెంత నిషీ జాతివారు ఈ పక్షి ముక్కును తలపాగాలకు వాడుచుండిరి. 2011-12 నుండి వారిలో కొందఱు జీతము పుచ్చుకొని ఆ గూళ్లకే కాపలాదారులైరి. ఆ జీతమునకు పట్టణవాసులు చందాలు పంపుదురు.

మన్యమున కొండరెడ్లు అడవిదారులన్నియు ఎఱుగుదురు. వారి కుటీరములో బసచేసి, వారిలో ఒకరిని దారిచూపుటకు పిలుచుకొని, ఆ శ్రమకు తగిన కూలి యిచ్చినచో, గూటిలోని పక్షి వారికి వేటకంటె నెక్కుడు లాభమగును. అట్లుగాక పెద్ద హోటళ్లు, శబ్దయంత్రములు, రాత్రియెల్ల దీపములు కోరినచో, పక్షియు పోవును, ఆ కూలియు ఇతరుల పాలగును. గూటి దగ్గఱకు పోవకుడు; పక్షి కూతను యంత్రముతో మాటిమాటికి వినిపించి దానిని మోసగింపకుడు.

చూచిన పక్షి పేరు, చోటు, తేదీ నాటినాటికి వ్రాసికొనుడు. పేరు తెలియనిచో వెంట వచ్చినవారిని అడిగి, వారి పేరునే వ్రాయుడు. అడవిలో అలవడిన వినికిడి యింటికడను పనికివచ్చును. శీతకాలమున సంగారెడ్డి చెంత మంజీరా తీరమున నిలిచినపుడు, అచ్చటి జాలరిని కూడ అడుగుటకు వెనుదీయకుడు. నీటిపక్షుల రాకపోకలు అతడు ఏటేట చూచుచునే యున్నాడు.