ఊరి యాసపై మన పిల్లల హక్కు

(ప్రసంగ పాఠం)



తన తెలుగు విని తోటివారు నవ్వారని చిన్నబోయి బడి నుండి వచ్చిన బిడ్డను మనలో చాలామంది చూచే ఉంటారు. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు. ఆ బిడ్డకు ఏమని చెప్పాలి? పరదేశాలకు వలస వెళ్ళినవారి అనుభవంలో దీనికి కొంత సమాధానమున్నది.

2004లో పోలండ్ ఐరోపా సమాఖ్యలో చేరిన పిమ్మట ఆ దేశస్థులు లక్షలాదిగా బ్రిటన్‌కు తరలివచ్చారు. మాంచెస్టర్‌లో స్థిరపడిన అట్టివారి ఇంగ్లీషును రాబ్ డ్రమ్మండ్ అనే భాషాశాస్త్రజ్ఞుడు పరిశీలించారు. ‘వర్కింగ్’ అనవలసిన చోట కొందరు మాతృభాష అలవాటు కొద్దీ ‘వర్కింక్’ అంటారు. స్వదేశానికి తిరిగి వెళ్ళదలచినవారిలో ఈ పలుకు ఎక్కువగా, అక్కడే ఉండిపోదలచినవారిలో తక్కువగా వినిపించింది. అనగా, యాస నాలుకకు మాత్రమే చెందినది కాదు. ‘ఈ ఊరు నాది’ అనే భావనతో అది ముడిపడి ఉన్నది.

తూర్పు లండన్‌లోని టవర్ హామ్లెట్స్ కథ మనకు మరింత దగ్గరిది. బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ ప్రాంతం నుండి వచ్చిన ముస్లిం కుటుంబాలు అక్కడ అధికం. ఒక యువజన కేంద్రంలో ఆ కుటుంబాల బాలుర మాటలను స్యూ ఫాక్స్ అనే పరిశోధకురాలు గమనించారు. కొన్ని అచ్చులను వారు పాత కాక్నీ యాసకు భిన్నంగా పలుకుతున్నారు. విశేషమేమంటే, వారితో చెలిమి చేసిన తెల్లజాతి బాలుర నోటను కూడా ఆ పలుకులు వినిపించాయి. వచ్చినవారు నేర్చుకోవడమే కాదు, ఉన్నవారికి నేర్పారు కూడా.

మనమైతే వలసదారులము కాము. తరతరాలుగా ఈ నేల బిడ్డలమే. జిల్లా, వకీలు, రాజీనామా అనే మాటలు లేక తెలుగువారి వ్యవహారం సాగదు. అయినా సాయిబు పాత్ర చేత ‘నిమ్కీ, నమ్కీ’ అనిపించి నవ్వించడం మన సినిమాలకు చిరకాలపు అలవాటు.

యాస పాఠ్యపుస్తకం వలన రాదు, సహవాసం వలన వస్తుంది. కనుక తల్లిదండ్రులారా, ఇంట ఉర్దూను మాన్పించకండి. వీధిలో అందరి పిల్లలతో ఆడుకోనివ్వండి. ఉపాధ్యాయులారా, తప్పును దిద్దండి. బిడ్డను నవ్వులపాలు చేయకండి. ఇక సమాజానికి నాదొక ప్రశ్న. పేరు వినగానే ఇల్లు అద్దెకు లేదని తలుపు మూసే వీధి, ఆ ఇంటి బిడ్డ నోట తన యాస లేదని ఎత్తిపొడవడం న్యాయమేనా?

సెలవు.