చేతికి వచ్చిన చదువు: మెకానికల్ ఇంజనీరింగు వృత్తికి బాలబాలికలను సిద్ధపరచుట

(ప్లాటినం జూబిలీ సభలో చదివిన ప్రసంగ పాఠం)



మారికుప్పంలో బయలుదేరి బంగారపేట మీదుగా బెంగుళూరుకు పోయే ఉదయపు రైళ్లు మాలూరు స్టేషనుకు చేరేసరికే కిక్కిరిసి ఉంటాయి. ఈ ఊరివారికి ఇది నిత్యం కనుపించే దృశ్యమే. 1864లో బెంగుళూరు దండు నుండి జోలార్‌పేటకు ఈ దారి వేసినప్పుడు ఇది సరకులకు, ప్రయాణికులకు వేసిన దారి. నేడు ఇది వేలాదిమందికి అన్నం పెట్టే దారి. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడిన పిమ్మట ఆ పట్టణంలోని ఎన్నో కుటుంబాలు ఈ రైలునే నమ్ముకొన్నాయి. తండ్రి గనిలో దిగినాడు, కొడుకు రైలెక్కినాడు. మాలూరు తాలూకా పిల్లలు కూడ పదవ తరగతి దాటిన కొన్నేళ్లకు అదే పెట్టెలో నిలువు కాళ్లమీద ప్రయాణం చేస్తున్నారు. ఆ పెట్టెలో ఉన్నవారందరికీ ఒకే జీతం రాదు, ఒకే గౌరవమూ దక్కదు. చేతిలో పని ఉన్నవాడెవడు, కాగితం మాత్రమే ఉన్నవాడెవడు అన్నది ఫ్యాక్టరీ గేటు వద్ద మొదటి వారంలోనే తేలిపోతుంది. ప్లాటినం జూబిలీ సందర్భాన ఈ విషయాన్ని ఎత్తుకొనుటకు కారణం ఇదే.

యంత్రవిద్య ఈ జిల్లాకు కొత్తది కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఇక్కడ గనుల పని చేపట్టిన నాటినుండి కోలారు సీమ యంత్రాల సీమయే. 1902లో శివనసముద్రం వద్ద కావేరి జలపాతం నుండి పుట్టించిన విద్యుత్తును దాదాపు 147 కిలోమీటర్ల దూరం తీగలపై మోసి తెచ్చి ఈ గనుల యంత్రాలను తిప్పినారు. బెంగుళూరు వీధులకు విద్యుద్దీపాలు వచ్చినది ఆ తరువాత, 1905లో. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు దిగింది. అంత లోతుకు మనుషులను దింపి, రాతిని పైకి లాగే చుట్టుయంత్రాలు, గాలిని నొక్కి పంపే కంప్రెసర్లు, లోపలికి చల్లని గాలిని తోలే పంకాలు, నీటిని తోడే పంపులు, ఇవన్నీ అహోరాత్రులు నడువవలసినదే. చుట్టుయంత్రపు ఉక్కుతాడులో తెగిన పోగులను కనిపెట్టవలసిన మనిషి ఏమరుపాటుగా ఉంటే దిగినవారు తిరిగి రారు. తమిళులతోబాటు తెలుగువారూ ఆ గనులలో, వాటి వర్కుషాపులలో పనిచేశారు.

గని మూతపడినప్పుడు ఒక తారతమ్యం స్పష్టమయింది. రాతిలో సొరంగం తొలిచే నేర్పు అపురూపమైనదే గాని, గని లేని చోట దానికి గిరాకీ లేదు. లేతు పట్టినవానికి, వెల్డింగు తెలిసినవానికి, పంపు విప్పి బిగించగలవానికి మరొక తలుపు తట్టే వీలున్నది. ఒక కర్మాగారం ఉన్నంతకాలమే పనికివచ్చే నేర్పు, కర్మాగారం పోయినా మనిషితో వెంట వచ్చే నేర్పు వేరువేరు. పిల్లలను ఏ దారిన పెట్టవలెనో ఆలోచించే తల్లిదండ్రులు ముందుగా చూడవలసిన భేదం ఇది.

ఇక ఈ చుట్టుపట్ల ఉన్న అవకాశాలు. గనుల పట్టణంలోనే 1964లో ఏర్పడిన భారత్ ఎర్త్ మూవర్స్ వారి కర్మాగారం బుల్‌డోజర్లను, ఎక్స్‌కవేటర్లను తయారుచేస్తున్నది. హోసకోట వైపు వోల్వో లారీల కర్మాగారం 1998 నుండి ఉన్నది. నరసాపురంలో 2013లో హోండా ద్విచక్ర వాహనాల కర్మాగారం వచ్చింది. మాలూరులోనూ పారిశ్రామిక వాడ పెరిగింది. ఈ ఊరికి పేరు తెచ్చిన పెంకుల, ఇటుకల కార్ఖానాలను మాత్రం చిన్నచూపు చూడరాదు. చెరువు మట్టిని పిసికే మర, దానిని అచ్చులోనికి నొక్కే ప్రెస్సు, బెల్టు, పుల్లీ, గేరు పెట్టె, బేరింగు: మెకానికల్ ఇంజనీరింగు మొదటి సంవత్సరపు పాఠ్యపుస్తకమంతా ఒక పెంకుల కార్ఖానాలో కళ్లెదుట తిరుగుతూ ఉంటుంది. చూపించేవారు లేక పిల్లలు దాని పక్కగా నడిచిపోతున్నారు.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పేరు చెప్పని ఇంజనీరింగు ప్రసంగం ఈ జిల్లాలో ఉండదు, ఉండరాదు కూడ. వారు జన్మించిన ముద్దేనహళ్లి నాడు కోలారు జిల్లాలోనిది. 2007లో చిక్కబళ్లాపురం వేరు జిల్లా అయినప్పుడు అటు చేరింది. ఇంటిభాష తెలుగు. ఇంటిపేరు ఆంధ్రదేశంలోని మోక్షగుండం గ్రామానిది. సాధారణంగా వారి గురించి కృష్ణరాజసాగరంతో ఆరంభించి దివాన్‌గిరీతో ముగిస్తారు. యంత్రవిద్య విద్యార్థులకు అంతకంటె ఉపయోగపడేది 1903 నాటి సంగతి. పుణె వద్ద ఖడక్‌వాస్లా జలాశయానికి వారు తమంతట తామే తెరుచుకొని మూసుకొనే తలుపులను అమర్చారు. నీరు హద్దు మీరినప్పుడు ఆ నీటి బలమే తలుపును ఎత్తుతుంది, మట్టం తగ్గగానే తలుపు దిగుతుంది. అందులోని సూత్రం పాఠశాల భౌతికశాస్త్రంలో ఉన్నదే. దానిని ఇనుములో నిలిపిన నేర్పు మాత్రం పుస్తకంలో లేదు. వారు దివానుగా ఉండగా 1917లో బెంగుళూరులో ఇంజనీరింగు కళాశాల వెలసింది. అంతటితో వారు తృప్తిపడలేదు. భద్రావతి ఇనుప కర్మాగారానికి చేసిన సేవకుగాను తమకు రావలసిన సొమ్మును వినియోగించి 1943లో బెంగుళూరులో శ్రీ జయచామరాజేంద్ర వృత్తివిద్యా సంస్థను నెలకొల్పజేశారు. పట్టాలిచ్చే కళాశాల ఒకటి ఉన్నా, చేతిపని నేర్పే సంస్థ మరొకటి కావలెనని అంతటి మేధావికి తోచింది.

ఆ చేతిపని అనగా ఏమిటో విడమరచి చెప్పుకొనవలెను. అన్నిటికంటె ముందు కొలత. మైక్రోమీటరు మర ఒక చుట్టు తిరిగితే అర మిల్లీమీటరు కదులుతుంది. దాని తొడుగుపై 50 గీతలుంటాయి. కావున ఒక గీత విలువ 0.01 మిల్లీమీటరు. ఇది ఐదవ తరగతి భాగాహారం. అయినను డిగ్రీ చేతబట్టుకొని ఇంటర్వ్యూకు పోయి, మైక్రోమీటరు చేతికిస్తే ఏ వైపు నుండి చదువవలెనో తెలియక చెమటలు పట్టేవారున్నారు. 25 మిల్లీమీటర్ల రంధ్రంలో సులువుగా తిరిగే ఇరుసు కావలెనంటే, రంధ్రం 25.000 నుండి 25.021 వరకు ఉండవచ్చు, ఇరుసు 24.980 నుండి 24.993 లోపల ఉండవలెను. ఈ అంకెలకు బయట పడినది పాత ఇనుము కిందికి పోతుంది. ఒక మీటరు పొడవుగల ఉక్కు కడ్డీ 10 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 0.12 మిల్లీమీటరు సాగుతుంది. అప్పుడే మరమీద నుండి దించిన వేడి వస్తువును కొలిచి ‘సరిపోయింది’ అన్న కుర్రవాడు, అది చల్లారిన తరువాత మేస్త్రీ చేత చీవాట్లు తింటాడు. ఈ పాఠాన్ని నల్లబల్లపై ఎన్నిసార్లు వ్రాసినా చేయి నేర్చుకొనదు.

తరువాతిది బొమ్మను చదువుట. ముందునుండి, పైనుండి, పక్కనుండి చూచిన మూడు చిత్రాలను కాగితంపై చూచి, లేని వస్తువును మనసులో నిలుపుకొనుట. ఇందుకు సబ్బుబిళ్ల, ముల్లంగి, బంకమట్టి చాలును. ఒక ముల్లంగిని చిత్రం ప్రకారం కోసి చూపమంటే ఏడవ తరగతి పిల్లలు ఎంత ఉత్సాహంగా చేస్తారో ఉపాధ్యాయులెరుగుదురు. (మిగిలిన ముక్కలు మధ్యాహ్నపు సాంబారులోకి పనికివస్తాయి.) ఆకురాయితో ఒక ఇనుప ముక్కను నాలుగు పక్కలా సమంగా అరగదీయుట చూడ తేలిక, చేయ కష్టం. ఐ.టి.ఐ. ఫిట్టరు విద్యార్థులచేత మొదటి మాసాలలో ఇదే చేయిస్తారు. సి.ఎన్.సి. యంత్రాలు, కంప్యూటరు చిత్రాలు వచ్చిన ఈ కాలంలో ఆకురాయి ఎందుకని అడిగేవారున్నారు. లోహం ఎంత గట్టిదో, ఎప్పుడు పలుకుతుందో, ఎప్పుడు పట్టుకొంటుందో తెలియనివాడు కంప్యూటరుకు తప్పు ఆజ్ఞ ఇస్తే ఖరీదైన కత్తి క్షణంలో విరుగుతుంది.

తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఇందులో వెనుకబడతారన్న భయం ఎందరో తల్లిదండ్రులకున్నది. ఆ భయాన్ని తేలికగా కొట్టివేయరాదు. కన్నడ నాట తెలుగులో చదివి, ఆంగ్లంలో పనిచేయవలసిన పిల్లవాని భారం మూడింతలు. అయితే ఆ భారం మాటలది మాత్రమే, భావాలది కాదు. తెలుగున ‘వ్యాసం’ అన్నది కన్నడంలో ‘వ్యాస’, ‘ఘర్షణ’ అన్నది ‘ఘర్షణె’. తెలుగులో ‘వ్యాసార్ధం’ కన్నడంలో ‘త్రిజ్య’, ‘పీడనం’ అక్కడ ‘ఒత్తడ’, ‘వడి’ అక్కడ ‘జవ’. ఆంగ్లంలో ఇవి డయామీటర్, ఫ్రిక్షన్, రేడియస్, ప్రెషర్, స్పీడ్. ఎనిమిదవ తరగతి నుండి మూడు గడుల నోటుపుస్తకం ఒకటి పెట్టుకొని దినానికి మూడేసి పదాలు వ్రాసుకొంటే పదవ తరగతి ముగిసేసరికి వర్కుషాపులో వినబడే మాటలన్నీ పరిచయమై ఉంటాయి. రాని మాటను అడగడానికి సిగ్గుపడి, అర్థం కాకనే తల ఊపే అలవాటు ప్రమాదకరం. యంత్రం వద్ద అది వేలు పోగొట్టే అలవాటు.

‘ఆడపిల్లలకు మెకానికల్ ఎందుకు’ అన్న మాట ఇప్పటికీ వినిపిస్తున్నది. అయ్యలసోమయాజుల లలిత గారు తెలుగింటి ఆడపడుచు. పద్దెనిమిదేళ్ల వయసులో భర్తను పోగొట్టుకొని, చంటిబిడ్డతో గిండీ ఇంజనీరింగు కళాశాలలో చేరి, 1940లలో విద్యుత్ ఇంజనీరింగు పట్టా పొందారు. దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు. ఆనాటి పట్టా కాగితంపై పురుషులకే అచ్చొత్తించిన మాటను కొట్టివేసి స్త్రీలింగం వ్రాయవలసి వచ్చింది. ఆమె జమాల్‌పూర్ రైల్వే వర్కుషాపులో ఒక ఏడాది అప్రెంటిసుగా పనిచేశారు. అరవై డెబ్బై కిలోల బస్తాలు మోసే పని కాదు ఇది. కొలత, ఓపిక, చూపు కావలసిన పని.

దారుల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చును. ఎస్.ఎస్.ఎల్.సి. తరువాత ఐ.టి.ఐ.లో ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు శిక్షణలు రెండేళ్లు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు. ఐ.టి.ఐ. ముగించినవారు నిబంధనలకు లోబడి డిప్లొమా రెండవ ఏట చేరవచ్చు. డిప్లొమావారు ప్రవేశపరీక్ష వ్రాసి ఇంజనీరింగు రెండవ ఏట చేరవచ్చు. కావున ఐ.టి.ఐ.లో చేరుట ‘తలుపు మూసుకొనుట’ కానేకాదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టం ప్రకారం కర్మాగారాలలో భత్యంతో శిక్షణ పొందే వీలున్నది. రాష్ట్రంలోని 150 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీస్ మొదలగు సంస్థల సహకారంతో కొత్త యంత్రాలతో తీర్చిదిద్ది 2022లో ప్రారంభించారు. ఇవేవీ విచారించకనే, పొలం అమ్మి, దళారీ మాట నమ్మి, పేరూ ఊరూ లేని కళాశాలలో సీటు కొన్న కుటుంబాలు ఈ తాలూకాలో లేకపోలేదు. కళాశాలకు పోయి మొదట చూడవలసినది భవనం కాదు, వర్కుషాపు. లేతుల మీద దుమ్ము ఉన్నదా, నూనె ఉన్నదా? నూనె ఉంటే పిల్లలు వాటిని తిప్పుతున్నారన్నమాట.

సెలవులలోనూ నేర్చుకొనే చోట్లు దగ్గరలోనే ఉన్నాయి. ఏడాది పొడవునా పారే ఏరు లేని జిల్లా ఇది. బోరుబావుల లోతు ఏటేటా పెరిగింది. పంపు పాడయితే పైపులు ఒక్కొక్కటిగా పైకి లాగి, మోటారు విప్పి, అరిగిన బుష్‌ను మార్చే మనుషులు ప్రతి హోబళిలోనూ ఉన్నారు. వారివద్ద వేసవిలో పదిహేను రోజులు నిలబడి చూచిన బాలునికి సెంట్రిఫ్యూగల్ పంపు పాఠం మరి చెప్పనక్కరలేదు. నిలబడి చూడవలెను గాని, కండ్లద్దాలు, బూట్లు లేకుండా యంత్రం దగ్గరకు పోనీయరాదు. పద్నాలుగేళ్లు నిండనివారిని పనిలో పెట్టుట చట్టవిరుద్ధం కూడ.

పూర్వవిద్యార్థులలో యంత్రరంగంలో పనిచేస్తున్నవారికి ఒక విన్నపం. జూబిలీ కానుకగా గోడ గడియారాలు, శిలాఫలకాలు ఇవ్వదలచినవారు ఆ సొమ్ముతో ఒక పనిబల్లను ఇవ్వవచ్చు. గట్టి కర్రబల్ల, దానికి బిగించిన ఒక వైసు, చదునువి, గుండ్రనివి ఆకురాళ్లు నాలుగు, ఒక హాక్సా, ఉక్కు స్కేలు, మూలమట్టం, ఒక వెర్నియర్ కాలిపర్, ఒక మైక్రోమీటరు, పది జతల కంటి అద్దాలు. ప్రయోగశాల పక్కనున్న సామాను గదిని ఖాళీ చేస్తే ఇవన్నీ అందులో పడతాయి. నెలకొక శనివారం మధ్యాహ్నం రెండు గంటలు వచ్చి నేర్పగలవారు తమ పేరు, వీలయిన నెల కార్యాలయంలోని పుస్తకంలో వ్రాయగలరు. మొదటి జట్టులో తొమ్మిదవ తరగతి నుండి పదిమంది బాలురు, పదిమంది బాలికలు ఉంటారు.