యాగన్ తల ఎట్లా దొరికింది



ఈరోజు ఆస్ట్రేలియా సంగతి చెబుతాను. అంత దూరం పోవడం ఎందుకని అనుకోకండి, వింటుంటే మన కథలాగే ఉంటది.

ఇప్పుడు పెర్త్ నగరం ఉన్న చోట, స్వాన్ నది పక్కన, నూంగార్ ఆదివాసులది ఆ నేలంతా. 1829లో బ్రిటిష్‌వాళ్లు వచ్చి దాన్ని తమలో తాము పంచుకున్నారు. ఎదురు తిరిగినవాళ్లలో యాగన్ ఒకరు. సర్కారు ఆయన్ని బందిపోటు కింద ప్రకటించి 30 పౌండ్ల వెల కట్టింది. 1833 జూలై 11న, ఆయనకు పరిచయమున్న తెల్ల కుర్రాడే తుపాకీతో కాల్చి చంపాడు. తల నరికారు. చెట్టు తొర్రలో పెట్టి నెలల తరబడి పొగబెట్టారు. ఒక సైనికాధికారి దాన్ని లండన్ తీసుకుపోతే, పెట్టిగ్రూ అనే సర్జన్ పెద్దమనుషుల ముందు వింత వస్తువులా చూపించాడు. అక్కణ్నుంచి లివర్‌పూల్ మ్యూజియంకు చేరింది. 1964లో, పాడైపోతున్నదని, ఒక పెరూ మమ్మీతో, ఒక మావోరీ తలతో కలిపి ఎవర్టన్ శ్మశానంలో పాతిపెట్టారు. ఎవరినీ అడగలేదు.

నూంగార్ పెద్దలు మాత్రం మర్చిపోలేదు. తల ఒకచోట, మొండెం ఒకచోట ఉంటే ఆయన ఆత్మకు విడుదల లేదని వాళ్ల నమ్మకం. కెన్ కోల్‌బంగ్ అనే పెద్దాయన ఏళ్ల తరబడి తిరిగారు. చివరికి 1993లో, పాత కాగితాలు తిరగేసి, సమాధి ఎక్కడుందో తేల్చారు.

తీరా చూస్తే, ఆ పెట్టె మీదే 1968లో ఒక ఆసుపత్రి ఇరవై మందికి పైగా పసికందులను ఖననం చేసి ఉంది. చాలామంది పుట్టకముందే పోయినవాళ్లు. ఆ తల్లిదండ్రుల అనుమతి లేకుండా తవ్వడానికి వీల్లేదంది అక్కడి ప్రభుత్వం. అందరి ఆచూకీ దొరకలేదు. (వాళ్ల బాధ కూడా బాధే కదా. ఇక్కడ నేను సర్కారును తప్పుపట్టను. కానీ యాగన్ తలను పాతినప్పుడు ఇదే జాగ్రత్త ఏమైంది?) ఆఖరికి 1997లో పక్క నుంచి గొయ్యి తవ్వి, అడ్డంగా సొరంగం చేసి, పసిబిడ్డలను కదిలించకుండా పెట్టెను బయటికి తీశారు.

అది యాగన్‌దేనని ఎట్లా తెలిసింది? పుర్రె మీద పగుళ్లను బట్టి. తలను వేడుక చేసిన ఆ పెట్టిగ్రూ అప్పట్లో వాటి వివరం రాసిపెట్టాడు. నిపుణులు ఆ రాతతో పోల్చి చూస్తే సరిపోయింది. అవమానించడానికి రాసిన కాగితమే సాక్ష్యమైంది.

1997 ఆగస్టు 31న లివర్‌పూల్‌లో తలను నూంగార్ ప్రతినిధుల చేతికిచ్చారు. వారం తిరక్కుండానే పెర్త్‌లో యాగన్ విగ్రహం తల ఎవరో నరికేశారు! మొండెం కోసం స్వాన్ నది ఎగువన వెతికారు, దొరకలేదు. దాన్ని వెతకాలా, తలను ముందే పెట్టేయాలా అని వాళ్లలో వాళ్లకే మాటలు నడిచాయి. పదమూడేళ్లు పట్టింది. 2010 జూలై 10న, ఆయన పోయిన 177 ఏళ్లకు, తలను ఒక్కదాన్నే సొంత నేలలో పెట్టారు.

మన దేశంలో నాగా పెద్దలు కూడా ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్న తమ పూర్వీకుల అవశేషాల గురించి ఇప్పుడు ఇదే అడుగుతున్నారు. 2024 అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఒక నాగా పుర్రెను వేలానికి పెడితే, నాగాలు గట్టిగా అడ్డుపడ్డాక వెనక్కి తీశారు.

నా మాట ఇక్కడికి ఆపుతాను. ఎవరికైనా అడగాలని ఉంటే ముందుకు రండి.