చెవులు రెండే

ఇంట్లో కంప్యూటర్ మీదో ప్లేస్టేషన్ మీదో ఆటలాడే పిల్లలుంటే ఎప్పుడో ఒకప్పుడు గేమింగ్ హెడ్‌సెట్ మాట రాక తప్పదు. అది వెయ్యి రూపాయలకూ దొరుకుతుంది, ముప్పై వేలకూ దొరుకుతుంది. ఖరీదైన దాని పెట్టె మీద 7.1 సరౌండ్ అనీ, 50 మిల్లీమీటర్ల డ్రైవర్లనీ, 40,000 హెర్ట్జ్ దాకా పలుకుతుందనీ పెద్ద అక్షరాలతో వేస్తారు. వీటన్నిటి వెనకా ఉన్న హామీ ఒక్కటే: పెట్టుకుంటే ఆటలోని అడవిలోనో కోటలోనో మీరే నిలబడ్డట్టుంటుంది. అలాంటి అనుభవం ఉన్న మాట నిజమే, అది సాధ్యమే. కానీ దానికీ పెట్టె మీది అంకెలకూ సంబంధం చాలా తక్కువ. అది దేనివల్ల కలుగుతుందో తెలుసుకుంటే, ఏ హెడ్‌సెట్ ఎంతటిదో మన చెవులతో మనమే తేల్చుకోవచ్చు. ఈ పూట నేను చెప్పదలచింది ఇదే.

చీకట్లో ఎవరైనా పిలిస్తే తడుముకోకుండా అటే తిరుగుతాం. ఎలా తిరగగలుగుతున్నామో 1907లో ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ వివరించాడు. కుడివైపు నుంచి వచ్చే శబ్దం కుడి చెవికి ముందు చేరుతుంది, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. పైగా తల అడ్డం కావడంతో ఎడమ చెవికి కొంత మెత్తబడి చేరుతుంది. మంద్ర శబ్దాల్లో ఆ ఆలస్యాన్నీ, హెచ్చు స్థాయి, అంటే కీచుమనే శబ్దాల్లో ఆ బలంలోని తేడానూ మెదడు పట్టుకుంటుంది. శబ్దం పూర్తిగా పక్కనుంచి వచ్చినా ఆ ఆలస్యం 0.65 మిల్లీసెకన్ల దగ్గరే ఆగుతుంది. అందులోనూ సెకనులో లక్షో వంతు తేడాను పోల్చుకోగల శక్తి మన వినికిడికి ఉంది. ఎదురుగా ఉన్న శబ్దం ఒక్క డిగ్రీ పక్కకు జరిగినా తెలుస్తుంది. అయితే ఈ రెండు ఆనవాళ్లతో ఎడమ కుడి తెలుస్తాయి గానీ ముందు వెనక, పైన కింద తెలియవు. ముక్కుకు సూటిగా ఎదురుగా ఉన్న శబ్దమైనా, సరిగ్గా వీపు వెనక ఉన్న శబ్దమైనా రెండు చెవులకూ ఒకేసారి, ఒకే బలంతో చేరుతుంది. అక్కడ అక్కరకొచ్చేది చెవి డొప్ప. దాని మడతల్లో, గుంటల్లో పడి లోపలికి వెళ్లేసరికి శబ్దంలో, ముఖ్యంగా 5,000 హెర్ట్జ్ పైన, కొన్ని స్థాయులు హెచ్చుతాయి, కొన్ని తగ్గుతాయి. ఏ దిక్కు శబ్దం ఎలా మారుతుందో మెదడు పసితనం నుంచే నేర్చుకుని ఉంటుంది. అప్పటికీ అనుమానం మిగిలితే తల కాస్త తిప్పి తేల్చుకుంటాం.

రేడియో నాటకంలో నటుడు మైకు నుంచి నాలుగడుగులు వెనక్కి జరిగి మాట్లాడితే దూరం వినిపిస్తుంది, దిక్కు వినిపించదు. శబ్దం వచ్చే దారి ఒక్కటే కాబట్టి అంతే సాధ్యం. దిక్కు కావాలంటే చెవికొక దారి ఉండాలి. 1881లో పారిస్ విద్యుత్ ప్రదర్శనలో క్లెమాఁ అదేర్ అనే ఇంజనీరు ఒపేరా రంగస్థలం వెంబడి టెలిఫోన్ ట్రాన్స్‌మిటర్లు అమర్చి, ప్రదర్శనశాలలోని శ్రోతలకు చెవికొకటి చొప్పున రెండు రిసీవర్లు ఇచ్చాడు. గాయకులు వేదిక మీద ఇటునుంచి అటు నడవడం వాళ్లకు చెవుల్లోనే తెలిసింది. అప్పటికి రేడియో పుట్టలేదు, యాంప్లిఫయరు లేదు. రెండు తీగలున్నాయి, చాలింది. ఆ తరవాత వచ్చిన మార్పల్లా ఆ రెండు దారుల్లో పంపే శబ్దాన్ని ఎంత సూక్ష్మంగా తయారుచేస్తామన్న దాంట్లోనే. 1994లో అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ పరిశోధకులు కీమార్ అనే బొమ్మ తల చెవుల్లో మైకులు పెట్టి, చుట్టూ 710 స్థానాల నుంచి శబ్దం పంపి, అది తలనూ చెవి డొప్పనూ దాటి వచ్చేసరికి ఎలా మారిందో కొలిచారు. ఆ కొలతలుంటే, తుపాకీ మోతనైనా అడుగుల చప్పుడునైనా ఫలానా దిక్కు నుంచి వచ్చినట్టుగా కంప్యూటర్ మలచగలదు. ఆటల్లో హెచ్.ఆర్.టి.ఎఫ్. పేరుతో సెట్టింగుల్లో కనిపించేది ఈ లెక్కే.

ఇప్పుడు 7.1 సంగతి చూద్దాం. అది గదిలో చుట్టూ పెట్టే ఏడు స్పీకర్లకూ, బరువైన శబ్దాల కోసం నేల మీద పెట్టే మరో స్పీకరుకూ గుర్తు. హెడ్‌సెట్‌లో ఆ ఏడు స్పీకర్లు ఉండవు. చాలామటుకు చెవికొక డ్రైవరే, అంటే శబ్దం పుట్టించే చిన్న స్పీకరే ఉంటుంది. ఏడు స్పీకర్లు ఉన్నాయని ఊహించి, వాటి నుంచి రావలసిన శబ్దాన్ని సాఫ్ట్‌వేర్ రెండు దారుల్లోకి కలిపి పంపుతుంది. నిజంగానే ఒక్కో కప్పులో నాలుగైదు చిన్న డ్రైవర్లు పెట్టి చూసిన కంపెనీలున్నాయి. చెవికి అంగుళం దూరంలో ఉన్న డ్రైవర్లు గదిలో దూరాన ఉన్న స్పీకర్ల పని చేయలేవు కాబట్టి ఆ పద్ధతి నిలదొక్కుకోలేదు. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. కౌంటర్ స్ట్రైక్‌లో 2016 నుంచి, వాలరెంట్‌లో 2021 నుంచి హెచ్.ఆర్.టి.ఎఫ్. సెట్టింగు ఆటలోనే ఉంది. ప్రతి అడుగు చప్పుడూ ఏ దిక్కున, ఎంత ఎత్తున పుట్టిందో ఆటకు కచ్చితంగా తెలుసు. అది రెండు చెవులకూ సరిపడా తయారుచేసి పంపిన శబ్దాన్ని హెడ్‌సెట్ సరౌండ్ మళ్లీ పట్టుకుని, ఊహాస్పీకర్ల మీదుగా తిప్పితే, చెవి డొప్ప ఆనవాళ్లు రెండుసార్లు పడతాయి. దిక్కు చెదురుతుంది, శబ్దం గుహలో మోగినట్టవుతుంది. ఆట చేస్తున్న పనిని హెడ్‌సెట్ చేత మళ్లీ చేయించకూడదు. హెల్‌బ్లేడ్ అనే ఆటనే తీసుకోండి. 2017లో కేంబ్రిడ్జ్‌కు చెందిన నింజా థియరీ సంస్థ తెచ్చిన ఆ ఆటలో కథానాయిక సెనువాకు లేని గొంతులు వినిపిస్తుంటాయి. మనిషి తల ఆకారపు మైకు పెట్టి, నటీమణులు దాని చుట్టూ తిరుగుతూ గుసగుసలాడుతుంటే రికార్డు చేశారు. ఆ శబ్దానికి 2018లో బాఫ్టా అవార్డు వచ్చింది. దాన్ని అనుభవించడానికి ఏ సరౌండూ అక్కర్లేదు, శుభ్రంగా పలికే మామూలు స్టీరియో హెడ్‌ఫోన్ చాలు.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. కీమార్ బొమ్మ చెవి మన చెవి కాదు, ఎవరి చెవి డొప్ప వాళ్లదే, అలాంటప్పుడు ఈ లెక్క అందరికీ ఎలా కుదురుతుంది? గట్టి ప్రశ్నే. అందుకే సోనీ 2020లో ప్లేస్టేషన్ 5ను తెచ్చినప్పుడు అయిదు రకాల కొలతలిచ్చి, నచ్చినది ఎంచుకోమంది. కానీ ఇంకో ఆధారం కూడా ఉంది. 1998లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు కొందరి చెవి డొప్పల్లో అచ్చులు అమర్చి ఆకారం మార్చేశారు. మొదట వాళ్లకు శబ్దం పైనుంచి వస్తోందో కిందనుంచి వస్తోందో తెలియకుండా పోయింది. కొన్ని వారాల్లో కొత్త చెవులకు అలవాటు పడ్డారు. అచ్చులు తీసేశాక పాత చెవులతోనూ ఎప్పటిలాగే పోల్చుకోగలిగారు. అంటే వినికిడి నేర్చుకునే విద్య. కొట్లో అయిదు నిమిషాలు పెట్టుకుని ఇచ్చే తీర్పు ఏ హెడ్‌సెట్ విషయంలోనూ చెల్లదు. కొన్నాళ్లు ఒకే సెట్టింగుతో ఆడి చూడాలి.

చెవి ఎవరిది వాళ్లదయితే ఇక మంచీ చెడూ ఎలా నిర్ణయిస్తారని అడిగేవాళ్లకు జవాబు, కచ్చితంగా నిర్ణయించవచ్చనే. ఇలాంటి ప్రసంగాన్నో వార్తలనో, అంటే ఒకే మైకులో పలికిన గొంతును హెడ్‌సెట్‌లో వినండి. ఆ గొంతు సరిగ్గా తల మధ్యలో, ఒక్కచోట కుదురుగా నిలవాలి. కంప్యూటర్‌లో ఎడమ కుడి సమంగా ఉన్నా గొంతు ఒక పక్కకు ఒరుగుతుంటే హెడ్‌సెట్‌ను అటుదిటు తిప్పి పెట్టుకోండి. ఒరుగు కూడా పక్క మారితే రెండు డ్రైవర్లకూ జత కుదరలేదని అర్థం. మారకపోతే చెవి డాక్టరుకు చూపించుకోవడం మంచిది. జత కుదరని హెడ్‌సెట్‌లో ఆ సూక్ష్మమైన ఆనవాళ్లన్నీ చెడతాయి, ఎంత సరౌండ్ ఉన్నా వృథా. తరవాత కళ్లు మూసుకుని, ఆటలోని శిక్షణ మైదానంలో ఇంకొకరి చేత పాత్రను తిప్పించి, చప్పుడు ఎటునుంచి వస్తోందో వేలితో చూపించండి. ఏ సెట్టింగు పెట్టారో మీకు తెలియకూడదు. ఎడమ కుడి ఏ హెడ్‌సెట్ అయినా చెబుతుంది. ఎదురుకూ వెనకకూ, మేడ మీదికీ కిందికీ తేడా తెలిస్తే అది లెక్కలోకి వస్తుంది. చివరిగా, బాంబులు పేలుతున్న చోట దగ్గరి అడుగుల చప్పుడు వినండి. బరువైన శబ్దం తనకన్నా హెచ్చు స్థాయి శబ్దాలను మింగేయడం చెవి స్వభావం. గుండె అదిరేలా మోగించడమే గొప్పగా తయారైన హెడ్‌సెట్‌లో ఆ అడుగులు మునిగిపోతాయి.

ఇలా విని చూస్తే అంకెల అసలు విలువ తెలుస్తుంది. మనిషి వినికిడి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, వయసుతో ఇంకా తగ్గుతుంది. 40,000 ఎవరి కోసమో అర్థం కాదు. డ్రైవర్ల కొలతా అంతే. ఆడేజీ కంపెనీ మాక్స్‌వెల్‌లో 90 మిల్లీమీటర్ల పల్చటి పొర డ్రైవర్లున్నాయి, స్టీల్‌సిరీస్ ఆర్క్‌టిస్ నోవా ప్రోలో 40 మిల్లీమీటర్లవి. ఈ రెంటికీ మంచి పేరుంది. ధర మాటకొస్తే, 2017లో జెరోన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు పరిశీలించి, అవి ఏ స్థాయిని ఎంత బలంతో పలికిస్తాయన్నదానికీ, వాటి ధరకూ సంబంధమే లేదని చూపించాడు.

మరి ఖరీదైనది కొనడం దండగేనా అంటే, అదీ కాదు. డబ్బు పెట్టవలసిన చోట్లు వేరే ఉన్నాయి. ఆట వైర్‌లెస్‌గా ఆడాలంటే కంప్యూటర్‌కు తగిలించే సొంత డాంగిల్‌తో వచ్చే 2.4 గిగాహెర్ట్జ్ హెడ్‌సెట్ కావాలి. మామూలు బ్లూటూత్‌లో శబ్దం పదో వంతు సెకను, అంతకంటే ఎక్కువే వెనకపడుతుంది. కన్నుకూ చెవికీ పొత్తు తప్పితే ఆ లోకంలో ఉన్నామన్న భ్రమ నిలవదు. మాక్స్‌వెల్ ఒక్క చార్జింగ్‌తో 80 గంటలు నడుస్తుంది, బరువు మాత్రం 490 గ్రాములు, మెడ ఊరుకోదు. నోవా ప్రో వైర్‌లెస్‌లో రెండు బ్యాటరీలిచ్చి మార్చుకోమన్నారు. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకు కప్పు చుట్టూ సందు మిగిలి మంద్ర శబ్దాలు జారిపోతాయి, కాబట్టి కళ్లజోడుతోనే పెట్టి చూడాలి. వెనక జాలీ ఉన్న ఓపెన్ హెడ్‌ఫోన్లలో శబ్దం తల బయట, విశాలంగా వినిపిస్తుంది; ఆటలో లీనం కావడానికి అవే మేలని నేనూ ఒప్పుకుంటాను. కానీ మన ఇళ్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు నెత్తిన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఓపెన్ హెడ్‌ఫోన్‌లో ఆ హోరంతా లోపలికి వస్తుంది, దాన్ని దాటడానికి సౌండ్ పెంచాల్సి వస్తుంది. మూసి ఉన్నవాటికి తోలులాంటి మెత్తలుంటే బెజవాడ ఎండల్లో చెవులు చెమటలు కక్కుతాయి. గుడ్డ మెత్తలున్నవి, ఆ మెత్తలు విడిగా కొనుక్కోవడానికి దొరికేవి చూసుకోవాలి. పోటీల్లో ఆడేవాళ్లు మాకు లీనం కావడం కాదు, శత్రువు అడుగులు వినపడడం ముఖ్యమంటారు. న్యాయమే. ఆ పనికి ఏ స్థాయి ఎంత బలంగా పలకాలో మార్చుకునే ఈక్వలైజరు చాలు, ఇంకో హెడ్‌సెట్ అక్కర్లేదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన అంకె పెట్టె మీద ఎక్కడా ఉండదు. పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, పిల్లలైతే 75 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ గంటలు సగమవుతాయి: 83 దగ్గర పెద్దవాళ్లకు 20 గంటలే, 86 దగ్గర 10 గంటలే. హెచ్చు స్థాయిలను వినే సున్నితమైన కణాలే మోతకు ముందుగా దెబ్బతింటాయి, ఒకసారి పోతే మళ్లీ మొలవవు. ముందు వెనకల తేడా చెప్పేవి ఆ స్థాయిలే. కాబట్టి తల్లిదండ్రులు చేయవలసింది ఒకటుంది. పిల్లలు ఆడుతుండగా ఒకసారి ఆ హెడ్‌సెట్ అడిగి తీసుకుని మీ చెవులకు పెట్టుకోండి. పక్కన నిలబడి మామూలుగా పలకరించినవాళ్ల మాట మీకు వినపడకపోతే సౌండ్ అప్పుడే తగ్గించండి, ఎందుకు తగ్గించారో వాళ్లకు చెప్పండి.